నల్లబడ్డ పేజీ

నేను కొన్న మొదటి రిపేరు పుస్తకంలో మా బండే లేదు.

1989. ఇంటర్ రెండో సంవత్సరం. ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి ఆ షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఇప్పటికీ పరుస్తున్నారు. అప్పట్లో నేను జీపీవో దగ్గర బస్సు దిగి ఒక పక్క నుంచి వెళ్లి రెండో పక్క నుంచి వచ్చేసరికి ఒంటిగంట దాటేది. ఆ రోజు ఎంసెట్ గైడ్లకీ, అట్టలూడిన ఇంగ్లీషు నవలలకీ మధ్య ఇటుకంత లావున్న పుస్తకం ఒకటి కనిపించింది. అమెరికాలో చిల్టన్ వాళ్లు వేసిన ఆటో రిపేర్ మాన్యువల్. తెరిస్తే కార్బొరేటర్ బొమ్మలు, గేర్‌బాక్స్ బొమ్మలు, పేజీల కొద్దీ అంకెల పట్టికలు. అమ్మేవాడు ముప్పై అన్నాడు. నేను పన్నెండు అన్నాను. పద్దెనిమిది దగ్గర ఇద్దరం ఆగాం. తిరుగు బస్సుకి చిల్లర మిగల్లేదు. దాన్ని చంకలో పెట్టుకుని విద్యానగర్ దాకా నడిచాను.

నాన్న అట్ట చూశారు. విషయసూచిక చూశారు. "షెవర్లే, పాంటియాక్, బ్యూక్..." అని మెల్లగా చదివి, "వీటన్నింటినీ ఎక్కడ కట్టేశావురా, పెరట్లోనా?" అన్నారు.

మాకున్నది బజాజ్ చేతక్ స్కూటర్. నాన్న 1977లో డబ్బు కట్టి పేరు రాయిస్తే 1984లో వచ్చింది. నేను బడిలో చేరకముందు బుక్ చేసిన బండి నేను ఏడో తరగతికి వచ్చాక ఇంటికొచ్చింది. ఈ కాలం పిల్లలకి ఈ మాట చెబితే మనం కోతలు కోస్తున్నామనుకుంటారు.

పుస్తకం దాకా ఎందుకొచ్చిందంటే, ఆ ఎండాకాలం బండికి ఒక జబ్బు పట్టుకుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క కిక్కుకి స్టార్టయ్యేది. నాలుగైదు కిలోమీటర్లు పోయాక, సరిగ్గా ట్యాంక్‌బండ్ మధ్యలో ఆగిపోయేది. నాన్న దిగి, చేతక్ ఉన్నవాళ్లందరూ చేసే ఆ సంస్కారం చేసేవారు, అంటే బండిని ఒక పక్కకి వంచి, కాసేపు పట్టుకుని, నిలబెట్టి కిక్కు కొట్టేవారు. ఉలకదు, పలకదు. అరగంట కూర్చుంటే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టయ్యేది. ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలన్నీ వరసగా నాకు కంఠతా వచ్చింది ఆ ఎండాకాలమే.

మెకానిక్ కార్బొరేటర్ అన్నాడు. విప్పి, జెట్లు ఊది, బిగించాడు. ఆ పని అయ్యేసరికి ఇంజన్ చల్లబడేది కాబట్టి స్టార్టయ్యేది. నాన్న డబ్బులిచ్చేవారు. రెండు రోజులకి మళ్లీ మొదలు. తర్వాత ప్లగ్గు మార్చాడు. తర్వాత పెట్రోలు ట్యాంకు కడిగాడు. ఆఖరికి పిస్టన్ రింగులు పోయాయి, సిలిండర్ లోపల చెక్కించి బోరింగ్ చేయించాలి అన్నాడు. ఆ రాత్రి నాన్న అమ్మతో, "వాడు చెప్పేది నిజమో కాదో మనకి తెలిసే దారి లేదు కదా" అన్నారు. కోపంగా కూడా అనలేదు. పక్క గదిలో పడుకుని ఆ మాట విన్నాను. ఆ వచ్చిన ఆదివారమే నేను ఆబిడ్స్ వెళ్లింది.

బండితో పాటు ఇచ్చిన చిన్న పుస్తకం ఒకటి ఇంట్లో ఉండేది. నాన్న దాన్ని రేషన్ కార్డుతో సమానంగా బీరువాలో దాచారు. అందులో ఎన్ని కిలోమీటర్లకి గేర్ ఆయిల్ మార్చాలో ఉంది, లీటరు పెట్రోలుకి ఎంత టూటీ ఆయిల్ కలపాలో ఉంది, టైర్లలో గాలి ఎంత ఉండాలో ఉంది. ఇంజన్ దగ్గరికి వచ్చేసరికి ప్రతిచోటా ఒకటే మాట, డీలరు దగ్గరికి తీసుకెళ్లండి. ఎప్పుడు చేయాలో చెబుతుంది, ఎలా చేయాలో చెప్పదు. ఓనర్స్ మాన్యువల్ అన్నది అంతే, ఇప్పటికీ అంతే. దాంతో రిపేరు చేద్దామనుకోవడం, పెళ్లి శుభలేఖ చూసి వంట చేద్దామనుకోవడం లాంటిది.

రెండో పుస్తకం కోఠీలో కొన్నాను, కొత్తదే. ఢిల్లీలో అచ్చయిన గైడ్. స్కూటర్లన్నీ ఇందులోనే అని అట్ట మీద గర్వంగా ఉంది. అక్కడే అనుమానం రావాల్సింది. వెస్పా, బజాజ్, లాంబ్రెటా, విజయ్ సూపర్ అన్నీ కలిపి రెండొందల పేజీలు. బొమ్మలు ఎక్కడి నుంచో జిరాక్స్ తీసి, ఆ జిరాక్సుని మళ్లీ జిరాక్స్ తీసినట్టున్నాయి. ఒక బొమ్మలో ఇంజన్ నుంచి వెనక చక్రానికి వెళ్లే చెయిన్ చూపించి, అది వదులైతే ఎలా సరిచేయాలో రాశారు. ఒక ఆదివారం పొద్దున్నంతా మా చేతక్‌లో ఆ చెయిన్ కోసం వెతికాను. డిక్కీ మూత తీశాను. కింద పడుకుని చూశాను. ఇంజన్ కింద ఉన్న మట్టంతా గీకాను. లేదు.

చేతక్‌కి చెయినే ఉండదు. అది వెస్పా వంశం. ఇంజన్, గేర్లు, వెనక చక్రం అన్నీ ఒకే దిమ్మగా ఉంటాయి, లోపల పళ్లచక్రాలే చక్రాన్ని తిప్పుతాయి. చెయిన్ ఉండేది లాంబ్రెటా వంశానికి, అంటే లక్నోలో తయారైన విజయ్ సూపర్‌కి. ఆ గైడ్ రాసినాయన రెండింటినీ ఒకే అధ్యాయంలో కుక్కేసి, ఏ పేరా ఏ బండి గురించో చెప్పడం మర్చిపోయాడు.

అదే పుస్తకంలో ఇంకో తమాషా. ఒకచోట ప్లగ్గు గ్యాప్ 0.6 అని ఉంది, ఇంకోచోట 0.025 అని ఉంది. ఇరవై నాలుగు రెట్లు తేడా. తప్పుల తడక అని తిట్టుకున్నాను. మా లెక్చరర్ ఒకాయనకి చూపిస్తే ఆయన నవ్వి, మొదటిది మిల్లీమీటర్లు, రెండోది అంగుళాలు, 25.4తో గుణించి చూడమన్నారు. 0.635 వచ్చింది. రెండూ ఒకటే. యూనిట్ రాయకపోవడం ఆ పుస్తకం తప్పు, అడగకపోవడం నా తప్పు. ఆ తర్వాత ఏ మాన్యువల్ చేతిలోకి తీసుకున్నా కొలతల పట్టికలో యూనిట్లు రాశారా లేదా అని ముందు చూస్తాను.

ఈలోపు అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లడం మొదలుపెట్టాను. 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైంది అదే. ఆ ఎత్తైన కప్పు కింద, టకటకమనే ఫ్యాన్ల కింద కూర్చుని పెట్రోలు ఇంజన్ల మీద ఉన్న పుస్తకాలు చదివాను. వాటిలో మా బండి పేరు ఎక్కడా లేదు గానీ విషయం అర్థమైంది. పాయింట్లు అంటే రెండు లోహపు ముఖాలు, ఇంజన్ తిరుగుతుంటే కలుస్తూ విడిపోతూ ఉంటాయి. అవి విడిపోయిన క్షణంలో కాయిల్లో కరెంటు తెగుతుంది. ఆ తెగడంలోంచే ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుడుతుంది. తెగేటప్పుడు పాయింట్ల మధ్య కూడా ఒక రవ్వ లేవాలని చూస్తుంది. అది లేస్తే పాయింట్లు కాలిపోతాయి, ప్లగ్గుకి వెళ్లాల్సిన బలం పోతుంది. దాన్ని మింగడానికి పక్కనే కండెన్సర్ అని ఒక చిన్న డబ్బా. ఇదంతా నోట్‌బుక్‌లో బొమ్మలతో సహా ఎక్కించుకున్నాను. ఫిజిక్స్ పరీక్షకి ఇంత శ్రద్ధ పెట్టి ఉంటే కథ వేరేలా ఉండేది.

కానీ మా బండి మాత్రం ఇంకా ట్యాంక్‌బండ్ మీదే ఆగుతోంది.

రాంనగర్‌లో ఒక ఉస్తాద్ ఉండేవారు. షాపు అనడానికి లేదు, వేపచెట్టు, దాని కింద ఒక రేకుల పందిరి, పాత ట్రంకు పెట్టె, ఇద్దరు కుర్రాళ్లు. అంతకుముందు ఒక డీలరు వర్క్‌షాపులో చాలా ఏళ్లు పనిచేసి వచ్చారని చెప్పుకునేవారు. నాన్నే ఒక సాయంత్రం బండి తోసుకుంటూ నన్ను అక్కడికి తీసుకెళ్లారు. నా చేతిలో ఢిల్లీ గైడ్ ఉంది. ఉస్తాద్ నా చేతిలోంచి దాన్ని తీసుకున్నారు. మొదటి పేజీ చూడలేదు. నేరుగా చివర ఉన్న వైరింగ్ బొమ్మ తెరిచి, బండి హెడ్‌లైట్ స్క్రూ విప్పి, లోపలి వైర్లు బయటికి లాగారు.

"బేటా, ఇక్కడ ఏ రంగులు రాసినయి? చదువు."

చదివాను.

"ఇక్కడ ఏ రంగులున్నయి?"

సగం కలవలేదు.

"అయితే నక్కో. ఇది నీ బండి కితాబ్ కాదు" అని పుస్తకం నా చేతిలో పెట్టేశారు.

ఆ తర్వాత ఇన్నేళ్లలో నేను ఎన్ని మాన్యువల్స్ కొన్నానో, ఎన్ని వద్దనుకున్నానో లెక్కలేదు గానీ, అంత తేలికైన పరీక్ష ఇంకొకటి దొరకలేదు. అట్ట మీద పేరు ఒకటే ఉంటుంది, కంపెనీ లోపల ఏదో మారుస్తుంది. ఆరు వోల్టులు పన్నెండు అవుతాయి, పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెడతారు. పేరు మాత్రం చేతక్కే. అలా మారినప్పుడల్లా వైరింగ్ మారక తప్పదు. రంగులు కలవకపోతే ఆ పుస్తకంలోని మిగతా అంకెల్ని కూడా నమ్మడానికి లేదు.

ఉస్తాద్ ట్రంకు పెట్టెలోంచి ఇంకో పుస్తకం తీశారు. కంపెనీ వాళ్ల సర్వీస్ మాన్యువల్. అట్ట పోయింది, దాని బదులు క్యాలెండర్ అట్ట కుట్టారు. ఆయనకి ఇంగ్లీషు అంకెలు వచ్చు, అక్షరాలు రావు. ఉర్దూ చదువుతారు. మరి ఈ పుస్తకం ఎలా వాడతారని అడిగాను. ఆయనకి నా ప్రశ్నే అర్థం కాలేదు. పేజీ తిప్పి చూపించారు. ఇంజన్ మొత్తం గాల్లో విడిపోయినట్టు బొమ్మ, ప్రతి నట్టు, ప్రతి వాషరు, ఏది దేని తర్వాత వస్తుందో ఒక గీత మీద వరసగా. పక్కన నంబర్లు. చదవడానికి ఏముంది అందులో.

"రాణిగంజ్ పోయి పార్టు పేరు చెప్తే ఏదో ఒకటి కట్టి ఇస్తరు. నంబర్ చెప్తే అదే ఇస్తరు" అన్నారు.

నాన్న అప్పుడు మా బండి జబ్బు చెప్పారు. చల్లగా ఉంటే స్టార్టవుతుంది, వేడెక్కితే ఆగుతుంది, ఆరితే మళ్లీ మామూలే. ఉస్తాద్ విని, వెంటనే ఏమీ అనకుండా నాకు ఇంకో పేజీ తీసి ఇచ్చారు. ఎడమ పక్క జబ్బు, మధ్యలో కారణం, కుడి పక్క మందు. ఆ పట్టికలో వేలు పెట్టి కిందికి జరిపాను. వేడెక్కాక ఆగిపోవడం అన్న దగ్గర కాయిల్, కండెన్సర్ పరీక్షించమని ఉంది. కార్బొరేటర్ లేదు. పెట్రోలు ట్యాంకు లేదు. రింగులు లేవు. నాన్న నా భుజం మీంచి వంగి చదివారు. ఇంకోసారి చదివారు. బోరింగ్‌కని పక్కన పెట్టిన డబ్బు ఆయన జేబులోనే ఉంది ఆ రోజు.

కండెన్సర్ పద్నాలుగు రూపాయలు.

దాన్ని మార్చాలంటే ఫ్లైవీల్ ఊడదీయాలి. ఫ్లైవీల్ చేత్తో రాదు, సుత్తితో కొడితే పగులుతుంది, పుల్లర్ కావాలి. కంపెనీ మాన్యువల్స్‌తో ఉన్న చిక్కు ఇక్కడే. ప్రతి పనికీ ఫలానా నంబరు స్పెషల్ టూల్ వాడండి అంటాయి. అవి డీలర్ల దగ్గర తప్ప ఉండవు. ఉస్తాద్ ఆ బొమ్మలు చూసి, కొలతలు ఊహించి, ముషీరాబాద్‌లో లేత్ షాపులో అన్నీ చేయించుకున్నారు. ఆ పుల్లర్లు చూడ్డానికి నాటుగా ఉండేవి, పని మాత్రం చక్కగా చేసేవి. ఇంట్లో కూర్చుని పని చేసుకునేవాడికి కంపెనీ పుస్తకం ఒక్కటీ చాలదని నాకు అప్పుడే తెలిసింది. ఆ టూల్ లేకపోతే ఏం చేయాలో చెప్పే మనిషో, ఇంకో పుస్తకమో పక్కన ఉండాలి.

వారం తర్వాత ఉస్తాద్‌ని ఆ పుస్తకం ఒక్క రోజుకి అడిగాను. ఆయన నా వైపు కాకుండా నాన్న వైపు చూశారు. నాన్న తలూపారు. మర్నాడు పొద్దున కోఠీలో జిరాక్స్ షాపు ముందు నిలబడ్డాను. పేజీ డెబ్బై అయిదు పైసలు. జేబులో ముప్పై రూపాయలు. అంటే నలభై పేజీలు. పుస్తకం నూట అరవై దాకా ఉంది.

ఇప్పుడు ఆలోచిస్తే మాన్యువల్ ఎంచుకోవడం అన్న పని నేను నిజంగా చేసింది ఆ ఒక్క రోజే. మిగతావన్నీ కొనడాలు. షాపు ముందు అరుగు మీద కూర్చుని గంటసేపు పేజీలు తిప్పాను. ఇంజన్ విడదీసిన బొమ్మలు కావాలి. వైరింగ్ కావాలి. జబ్బు, కారణం, మందు పట్టిక కావాలి. కొలతల పట్టికలు కావాలి, ఏ నట్టు ఎంత బిగించాలో చెప్పే పేజీ కావాలి. క్లచ్ వైరు, గేరు వైర్లు, బ్రేకులు కావాలి. హ్యాండిల్ బేరింగులు వద్దు. పెయింటు వద్దు. గేర్‌బాక్స్ లోపలి భాగం పద్దెనిమిది పేజీలుంది. గేర్‌బాక్స్ మనమెందుకు విప్పుతాం అనుకున్నాను. వదిలేశాను.

ఇంటికొచ్చి పేజీలు వరసగా పెడుతుంటే చూశాను. పాయింట్లు సరిచేసే పేజీలో, సరిగ్గా గ్యాప్ ఎంతో రాసిన చోట, నల్లటి మచ్చ. ఉస్తాద్ బొటనవేలు. ఏళ్ల తరబడి అదే పేజీ అదే వేలితో పట్టుకుని తెరిచారు కాబట్టి గ్రీజు ఇంకిపోయింది. అసలు పుస్తకంలో వెలుతురుకి పట్టుకుంటే కింద అక్షరాలు కనిపిస్తాయి. జిరాక్స్‌లో బొగ్గు ముద్ద. పుస్తకం తిరిగిచ్చేటప్పుడు ఆ అంకె చూసుకుని రాసుకుందామనుకుని మళ్లీ మర్చిపోయాను. ఇంకోరోజు వెళ్లి అడిగితే ఆయన పుస్తకం తీయనే లేదు.

"పోస్టుకార్డు మందం" అన్నారు.

ఇంటికొచ్చి నాన్న ఇన్‌లాండ్ లెటర్లూ కార్డులూ పెట్టుకునే డబ్బాలోంచి ఒక కార్డు తీసి పాయింట్ల మధ్య పెట్టి బిగించాం. ఒక్క కిక్కుకి స్టార్టయింది. కొన్నాళ్లకి సందులు కొలిచే ఫీలర్ గేజ్ కొన్నాక ఆసక్తి కొద్దీ కొలిచాను. 0.3కీ 0.4 మిల్లీమీటర్లకీ మధ్య వచ్చింది. ఆ ఇంజన్‌కి ఉండాల్సింది 0.3 నుంచి 0.5 దాకా.

పోస్టుకార్డు మాట చెప్పిన రోజు, నేను వచ్చేసే ముందు ఉస్తాద్ ఇంకో మాట కూడా అన్నారు. పాత కితాబ్ కొనేటప్పుడు తెల్లగా ఉన్నది కొనకు, ఏ పేజీలు నల్లగా ఉన్నాయో చూడు అని. మొత్తం తెల్లగా ఉంటే ఎవడూ వాడలేదన్నమాట, అందులో ఏదో పనికిరాదు. మొత్తం నల్లగా ఉంటే పేజీలు చిరిగి ఉంటాయి, కావల్సింది ఉండదు. నాలుగైదు చోట్ల నల్లగా ఉండాలి. ఆబిడ్స్‌లో ఇదే కొలబద్దగా పెట్టుకుని నేను పుస్తకాలు తిరగేస్తుంటే, శుభ్రంగా ఉన్నవి వదిలేసి మురికివి ఏరుతున్నాడేంటని అమ్మేవాళ్లు వింతగా చూసేవాళ్లు. మురికిదానికి ధర తగ్గించమని కూడా అడిగేవాణ్ణి, అది వేరే సంగతి.

ఆ నలభై పేజీలకి నాన్న ఆఫీసు ఫైలు తాడు కట్టి, పైన ఒక అట్ట పెట్టి, వంకర టింకరగా "చేతక్" అని రాశారు. ఆ రోజు నుంచి ఆదివారం పొద్దున మా పెరట్లో ఒక కార్యక్రమం ఉండేది. నేను విప్పేవాణ్ణి. నాన్న పీట మీద కూర్చుని కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని పైకి చదివేవారు, ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పేవారు. విప్పిన నట్లన్నీ అమ్మ పాత స్టీలు ప్లేట్లలో వరసగా. ఒకసారి ఆ ప్లేటు పొరపాటున కడగడానికి వెళ్లిపోయింది. అమ్మ రెండు వాషర్లు సబ్బు నీళ్లలోంచి తీసి, "ఇవి కూడా మాన్యువల్‌లో ఉన్నాయా" అని అడిగింది.

అన్నీ బాగానే జరిగాయని కాదు. సిలిండర్ హెడ్డుకి నాలుగు నట్లు. ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, చెప్పినంతే బిగించాలని పేజీలో ఉంది. నాన్న చదివారు కూడా. చెప్పినంత అంటే ఎంతో కొలవడానికి టార్క్ రెంచ్ కావాలి, అది మా దగ్గర లేదు. గట్టిగా ఉంటే మంచిదే కదా అని నా పందొమ్మిదేళ్ల బలమంతా పెట్టాను. నట్టు ఒక్కసారి వదులై చేతిలో ఊరికే తిరిగింది. కింద అల్యూమినియంలో మరలు మొత్తం లేచిపోయాయి. ఇంజన్ కిందికి దింపి లేత్ షాపుకి మోసుకెళ్లి, రంధ్రం పెద్దది చేయించి, బుష్ వేయించి, మళ్లీ మరలు తీయించాల్సి వచ్చింది. రెండు వారాలు నాన్న బస్సులో ఆఫీసుకెళ్లారు. ఏమీ అనలేదు. ఆ పేజీ అంచున మాత్రం పెన్సిల్‌తో రాశారు: "బలము చూపరాదు."

ఆయనకి రాసే అలవాటు అలా మొదలైంది. ప్రతి పేజీ అంచునా తేదీ, కిలోమీటర్లు, చేసిన పని. "క్లచ్ వైరు మార్చితిమి." "సైలెన్సర్ బొగ్గు తీయించితిమి." ఆఫీసు భాష, గ్రాంథికం, అన్నీ బహువచనం. నేను హాస్టల్‌కి వెళ్లాక కూడా "మార్చితిమి" అనే రాశారు.

1999లో సెకండ్‌హ్యాండ్ మారుతి 800 కొన్నాం. అప్పటికి నాకు ఉద్యోగం. పుస్తకం కొనకుండా కారు కొనకూడదన్నది ఇంట్లో నియమం కాబట్టి మళ్లీ ఆబిడ్స్. అక్కడ దొరికింది హేన్స్ మాన్యువల్, ఇంగ్లండ్‌ది. ఈ పుస్తకాల వెనక మంచి కథ ఉంది. జాన్ హేన్స్ అనే ఆయన స్కూలు పిల్లవాడిగా ఉండగానే, 1956లో, పాత ఆస్టిన్ సెవెన్‌ని స్పోర్ట్స్ కారుగా ఎలా మార్చుకోవాలో రాసి 250 కాపీలు వేస్తే పది రోజుల్లో అమ్ముడుపోయాయట. తర్వాత వాయుసేనలో చేరి ఏడెన్ అనే ఊళ్లో ఉన్నప్పుడు స్నేహితుడి ఆస్టిన్ హీలీ స్ప్రైట్ బాగుచేయడానికి కంపెనీ మాన్యువల్ తెరిస్తే మామూలు మనిషికి అది పనికిరాదని అర్థమైంది. ఇద్దరూ కారు మొత్తం విప్పి, ప్రతి మెట్టునీ ఫోటో తీసి, మళ్లీ బిగించారు. 1966లో అదే మొదటి హేన్స్ మాన్యువల్ అయింది. రాసేవాడు ముందు తన చేత్తో విప్పాలన్నది అప్పటినుంచీ వాళ్ల పద్ధతి. చదువుతుంటే తెలుస్తుంది. ఈ బోల్టు తుప్పు పట్టి ఉంటుంది, ముందు రోజు రాత్రి నూనె వేసి ఉంచండి అని రాస్తారు. నట్టు చేతికి అందక వేళ్లు చీరుకుపోయినవాడు తప్ప ఇంకెవరూ ఆ మాట రాయలేరు. అయితే ఊడదీయడం రెండు పేజీలు వివరించి, బిగించడం దీనికి తిరగేసి చేయండి అని ఒక్క వాక్యంలో వదిలేయడం కూడా వాళ్ల పద్ధతే. ఆ వాక్యం దగ్గర ఎన్ని ఆదివారాలు పోగొట్టుకున్నానో.

నాకు దొరికిన హేన్స్ మారుతి 800ది కాదు. సుజుకీ జీపుది, మన మారుతి జిప్సీకి దగ్గర చుట్టం. దానికి నాలుగు సిలిండర్లు, మా కారుకి మూడు. తెలిసే కొన్నాను. హెడ్డు ఎలా దింపాలి, టైమింగ్ బెల్టు ఎలా వేయాలి, కార్బొరేటర్ విప్పేటప్పుడు ఏవి పోగొట్టుకోకూడదు అన్నవి చుట్టాలకి ఒకటే. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరస, మాత్రం వేరు, దానికి ఒకటి, మూడు, నాలుగు, రెండు. మాకు ఒకటి, మూడు, రెండు. పద్ధతి జీపు పుస్తకంలో చదివి, అంకెలు మారుతి సర్వీస్ మాన్యువల్ జిరాక్స్‌లో చూసుకునేవాణ్ణి. అంకెల దగ్గర చుట్టరికం పనికిరాదు.

ఆ మధ్యలోనే చేతక్ రెండో గేరు జారడం మొదలైంది. గేర్‌బాక్స్ లోపల పని. నేను వదిలేసిన పద్దెనిమిది పేజీలు. రాంనగర్ వెళ్లాను. వేపచెట్టు ఉంది, పందిరి లేదు, ఆ జాగాలో అపార్ట్‌మెంట్ పునాదులు తీస్తున్నారు. పక్క పాన్‌డబ్బా ఆయన్ని అడిగితే ఉస్తాద్ పాతబస్తీ వైపు వెళ్లారన్నాడు. చార్మినార్ నుంచి శాలిబండ దాకా రెండు ఆదివారాలు అడుగుతూ తిరిగాను. దొరకలేదు. గేరు ఇంకొకరి దగ్గర చేయించాం, బాగానే చేశాడు, పుస్తకం లేకుండానే.

మా వాడు రెండేళ్ల కింద రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 కొన్నాడు. మర్నాడే ఫోన్‌లో మాన్యువల్ చూపించాడు, మూడొందల పేజీలు, నెట్‌లో ఉచితంగా దొరికిందట. నేను కళ్లద్దాలు పెట్టుకుని ఇంజన్ కొలతల పేజీ తీయమన్నాను. 346 సీసీ అని ఉంది. బండి కాగితాలు తీయమన్నాను. 349.

"మూడు సీసీలే కదా నాన్నా" అన్నాడు.

మూడు సీసీలు కాదు, ఇంజనే వేరు. 2021లో పేరు అలాగే ఉంచి లోపల మొత్తం మార్చేశారు. పాతదానికి వాల్వుల్ని కదిలించే పుష్‌రాడ్లు, కొత్తదానికి ఆ పనికి పైన క్యామ్‌షాఫ్ట్. ఆ పుస్తకం పట్టుకుని విప్పితే, నేను చేతక్‌లో చెయిన్ వెతికినట్టు వీడు పుష్‌రాడ్లు వెతుకుతాడు. హెడ్‌లైట్ విప్పి వైర్లు చూద్దామా అన్నాను. వారంటీ పోతుందన్నాడు. అదీ నిజమే.

ఆ ఫైలు తాడు కట్ట నా దగ్గరే ఉంది. నలభై పేజీలు అని చెప్పాను గానీ ఇప్పుడు ముప్పై ఎనిమిదే ఉన్నాయి. పాయింట్ల పేజీలో ఆ నల్లమచ్చ పక్కనే నాన్న బాణం గీసి "పోస్టుకార్డు" అని రాశారు. వైరింగ్ బొమ్మలో రంగులన్నిటికీ తెలుగు పేర్లు రాశారు. ఆఖరి పేజీ వెనక ఆయన చివరి లెక్కలున్నాయి. 2005 ఏప్రిల్‌లో "బ్రేకు వైరు మార్చితిమి. బండి అమ్మవలెను" అని. దాని కింద వేరే ఇంకుతో "తరువాత చూతము" అని.

2006లో అమ్మాం. కొన్నాయన మెదక్ నుంచి వచ్చారు. టైర్లు నొక్కి చూశారు, ఒక పక్కకి వంచి కిక్కు కొట్టి చూశారు, మొదటి కిక్కుకే స్టార్టయింది. కాగితాలన్నీ తీసుకున్నారు. స్టెప్నీ ఇచ్చాను, పానాలు ఇచ్చాను, ఆ నాటు పుల్లర్‌లాంటిది నేనొకటి చేయించుకున్నాను, అది కూడా ఇచ్చాను. పుస్తకం ఏమైనా ఉందా అని ఆయన అడగలేదు. నేనూ ఉందని చెప్పలేదు.